కోనసీమలో స్నానాల లెక్క

నేను ఇంతకు ముందు ఊళ్ళు తిరగలేదని కాదు. తిరుపతి చూశాను, శ్రీశైలం చూశాను, ఒకసారి మా అల్లుడి లారీలో హంపి దాకా కూడా వెళ్ళాను. వచ్చాక మా వీధి అరుగుల మీద చెప్పుకున్నాను. చెప్పిన మాటలు ఆ అరుగుల మీదే ఉండిపోయాయి. రాయడం రాదు కాబట్టి రాయలేదు, అంతే. నా మనవరాలు శ్రావణి రెండో తరగతిలో ఉన్నప్పుడు తన పుస్తకాలు పెట్టి నాకు అక్షరాలు దిద్దించింది. అప్పటికే నా జుట్టు సగం నెరిసింది. ఇప్పుడు చదవడం బాగానే వచ్చు. రాయడం మాత్రం నిదానం. ఒక పేజీ పూర్తయ్యేలోపు పొయ్యి మీద పప్పు మాడుతుంది.

కోనసీమ నుంచి వచ్చాక కూడా వెంటనే రాయలేకపోయాను. మిరపకోతలు వచ్చిపడ్డాయి. ఆ చేతులతో పెన్ను పట్టుకుంటే వేళ్ళు మండుతాయి, కళ్ళు నలుపుకుంటే ఇంకా మండుతాయి. కోతలు అయిపోయాయి. ఇక రాస్తాను.

మాది కనిగిరి వైపు ఒక పల్లె. మా వైపు వాళ్ళు చాలామంది కోనసీమ చూసి ఉండరు. మేము మాత్రం అక్కడ కొబ్బరితోటలు చూడటానికి వెళ్ళలేదు. ఇళ్ళలో బాత్రూములు చూడటానికి వెళ్ళాము.

ఎందుకు వెళ్ళామంటే

శ్రావణి నా దగ్గరే పెరిగింది. డిగ్రీ చివరి సంవత్సరం. ప్రాజెక్టు ఒకటి చేయాలి. నీళ్ళున్న ఊళ్ళలో కొన్ని ఇళ్ళు, నీళ్ళు లేని ఊళ్ళో కొన్ని ఇళ్ళు తీసుకుని, ఏ ఇంట్లో బాత్రూం ఉంది, ఎవరు వాడుతున్నారు, ఎలా వాడుతున్నారు అని లెక్క తీయాలి. నీళ్ళున్న చోటు కోనసీమ, లేని చోటు మా ఊరు. మొదటిసారి తన హాస్టల్ స్నేహితురాళ్ళకు ఫోన్లు చేసి, అడిగిన ఇల్లల్లా "ఉంది" అంటే "ఉంది" అని రాసుకుని తీసుకెళ్ళింది. కాలేజీలో మేడం ఆ కాగితాలు తిప్పి ఇచ్చేసింది.

"అన్ని ఇళ్ళలో ఉంది, అందరూ వాడుతున్నారు అని రాస్తే అది లెక్క కాదమ్మా. వెళ్ళు. కళ్ళతో చూసి రా" అన్నదట.

ఈసారి కూడా తిప్పి పంపిస్తే ఏడాది పోతుంది. మా అల్లుడు అప్పటికే "చదివింది చాలు" అంటున్నాడు. ఆ పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆడపిల్ల ఒక్కతే తెలియని ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి స్నానాల గది చూపించమంటే ఎవరు చూపిస్తారు? నేను వస్తానన్నాను.

"నువ్వెందుకు అమ్మమ్మా, మోకాళ్ళ నొప్పులతో?"

"ముసలిదాన్ని కాబట్టే. నన్ను చూసి ఎవరూ తలుపెయ్యరు" అన్నాను.

కొత్తపేట

రావులపాలెం దాటగానే బస్సు కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా నీళ్ళే. రోడ్డుకు ఈ పక్క కాలువ, ఆ పక్క కాలువ, మధ్యలో అరటి, పైన కొబ్బరి. మా వైపు మనిషికి ఇది చూస్తే మొదట సంతోషం రాదు, కోపం వస్తుంది. ఇన్ని నీళ్ళు ఒక్కచోటే ఎందుకు పోశాడా దేవుడు అనిపించింది. తర్వాత సంతోషం వచ్చింది.

కొత్తపేటలో బస్సు దిగి, పొట్టిక్కలు తిన్నాము. పనసాకులు బుట్టలా కుట్టి అందులో పిండి పోసి ఉడికిస్తారు. ఇడ్లీ లాంటిదే, కానీ ఆకు వాసన పిండిలోకి దిగి ఉంటుంది. ప్లేటు ముప్పై రూపాయలు. మా కనిగిరిలో ఇడ్లీ కూడా అంతే, ఆకు లేకుండా.

అక్కడే మొదటి ఇల్లు. వరండాలో బియ్యం చెరుగుతున్న ఆమె దగ్గరికి వెళ్ళి శ్రావణి సిగ్గుపడుతూ, "అమ్మా, మేము బాత్రూం గురించి..." అన్నది. ఆమె చేట పక్కన పడేసి లేచింది.

"అయ్యయ్యో, ఎంతసేపట్నుంచి ఆపుకున్నారో పాపం! రండి రండి, దూరం నుంచి వచ్చినట్టున్నారు. మామ్మగారూ, మెట్టు జాగర్తండి!"

చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. కాదని చెప్పే సందు ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే నాకు అవసరం కూడా ఉంది. శ్రావణి బయట నవ్వు ఆపుకుంటూ నిలబడింది. పని అయ్యాక ఆమెకు సంగతి చెబితే ఇంకా గట్టిగా నవ్వింది. కొబ్బరి బోండాలు కొట్టించి ఇచ్చింది. మా దగ్గర ఒక్కో బోండాం యాభై రూపాయలు. ఇక్కడ డబ్బుల మాట ఎత్తితే, "ఏటండీ, మంచినీళ్ళకి డబ్బులిస్తారా ఎవరైనా?" అన్నది.

ఆ వీధిలో మిగతా ఇళ్ళలో శ్రావణి పద్ధతిగా కాగితం తీసి అడిగింది. అందరూ మర్యాదగా "ఉందండి, ఆయ్" అన్నారు. కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు, కొబ్బరి ఉండలు పెట్టారు. బాత్రూం మాత్రం ఎవరూ చూపించలేదు. సాయంత్రానికి మేడం తిప్పి పంపిన కాగితాల్లాంటివే మళ్ళీ తయారయ్యాయి. పిల్ల మొహం వాడిపోయింది.

ఆ రోజు మొత్తం మీద మేము చూసిన బాత్రూం ఒక్కటే, అడగకుండానే చూపించినది. అది ఆలోచిస్తే నాకు దారి దొరికింది.

"రేపటి నుంచి నువ్వు అడగొద్దు. నేను స్నానం చేస్తానంటాను" అన్నాను.

అంబాజీపేట

అంబాజీపేటలో శ్రావణి స్నేహితురాలి పెద్దమ్మగారింట్లో దిగాము. ఆమె పేరు సత్యవతి. భర్త వెంకట్రావుగారు కొబ్బరి వ్యాపారం చేస్తారు. ఊరంతా అదే వ్యాపారం. రోడ్డు పక్కన కాయలు గుట్టలు, పై రాష్ట్రాల లారీలు, డ్రైవర్ల హిందీ, పీచు వాసన.

సత్యవతిగారు కంద బచ్చలి కూర, కొబ్బరి పచ్చడి చేసింది. మా వైపు సంకటిలోకి గోంగూర ఎలాగో, వీళ్ళకి అన్నంలోకి కొబ్బరి అలాగ. దేన్ని చూసినా అందులో కొబ్బరి ఉంటుంది.

భోజనాల ముందు, "అమ్మా, ప్రయాణం చేసి వచ్చాను, తలారా రెండు చెంబులు పోసుకుంటాను" అన్నాను.

సత్యవతిగారు భర్త వైపు చూసింది. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. పెరట్లో నీలం తలుపుతో చక్కటి బాత్రూం కనిపిస్తూనే ఉంది. ఆమె మాత్రం నన్ను దాని పక్కనుంచి తీసుకెళ్ళి, బోరింగు దగ్గర కొబ్బరాకుల తడికల చాటుకి చేర్చింది.

"ఇక్కడ గాలి బాగుంటుందండి" అన్నది.

గాలి నిజంగా బాగుంది. శీతాకాలం గాలి, తడికల సందుల్లోంచి నేరుగా వీపుకే వచ్చింది. కానీ నీళ్ళు! సిమెంటు గోలెం నిండా నీళ్ళు, తోడేకొద్దీ ఆమె బోరింగు కొట్టి నింపుతూనే ఉంది. మా ఇంట్లో ఒంటికి ఒక బకెట్టు, తలంటుకి రెండు. నాకు ఊహ తెలిశాక లెక్కలేకుండా నీళ్ళు పోసుకోవడం అదే మొదలు.

"నువ్వు కూడా ఇక్కడే పోసుకుంటావా అమ్మా?" అని అడిగాను.

"తెల్లారకముందే కానిచ్చేస్తానండి. వెలుగొస్తే ఆ మేడ మీద నుంచి కనిపిస్తాది" అని, నీలం తలుపు వైపు గడ్డం ఎత్తింది. "అందులో కురిడీలున్నాయండి."

కురిడీ అంటే కొబ్బరికాయను పీచుతోనే నెలల తరబడి దాచితే లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి ఎండి, గుండ్రంగా విడిపోతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంటుంది. దానికి మంచి ధర. కాయ కింద చెమ్మ తగలకూడదు, ఎలుకలు రాకూడదు. అటక మీద ఎలుకలు. కొత్తగా టైల్స్ వేసి, గట్టి తలుపు పెట్టి కట్టిన బాత్రూంలో అయితే ఎలుక దూరే సందు లేదు. ఒక్కటే షరతు, అందులో ఎవరూ స్నానం చేయకూడదు. నీళ్ళు పడితే కాయ కుళ్ళిపోతుంది.

భోజనాల దగ్గర శ్రావణి కాగితం తీసింది. వెంకట్రావుగారు పీట మీద సర్దుకుని కూర్చుని హుందాగా జవాబులు చెప్పారు.

"బాత్రూం ఉందా అండీ?"

"ఉందండి, ఆయ్. టైల్సు కూడానండి."

"ఎవరు వాడతారండీ?"

"అందరూనండి."

సత్యవతిగారు ఆయన విస్తట్లో నెయ్యి వేస్తూ, "ఔనండి. ఒక్కో కాయా వరసలో నిలబడి రోజూ శుభ్రంగా స్నానం చేస్తాదండి" అన్నది.

నాకు పొలమారింది. ఆయన నవ్వలేదు. శ్రావణి పెన్ను గాల్లోనే ఆగింది. "ఉంది" అని రాస్తే అబద్ధం, "లేదు" అని రాస్తే అన్నం పెట్టిన ఇంటికి అవమానం.

"ఏం రాశావమ్మా?" అని ఆయన అడిగారు.

"ఇంకా రాయలేదండి" అని, ఆ కాగితం ఖాళీగానే సంచిలో పెట్టింది.

మర్నాడు ఊళ్ళో నా పద్ధతి బాగా పనిచేసింది. కనిగిరి నుంచి వచ్చాను, మా ఊళ్ళో నీళ్ళు లేవు, మీ ఊళ్ళో ఒకసారి పోసుకోవాలని ఉంది అంటే కాదన్నవాళ్ళు లేరు. అది అబద్ధం కూడా కాదు. నా వెనకే తువ్వాలు పట్టుకుని శ్రావణి వచ్చి అంతా చూసేది. తర్వాత సంగతి చెబితే నవ్వి, మిగతా ప్రశ్నలకు నిజం చెప్పేవారు. మెట్ల కింద కట్టిన బాత్రూం ఒకటి చూశాం, అందులో ఆ ఇంటాయన కూర్చునే పోసుకోవాలట. ముగ్గురు అన్నదమ్ములకు కలిపి ఒక్కటి చూశాం, తోడికోడళ్ళు వంతులు వేసుకుంటారు. ఇంకొకటి మోటారుసైకిలుకి ఇచ్చేశారు. కురిడీలున్నవి ఇంకా కొన్ని తగిలాయి. నా ఒళ్ళు నానిన పెసలలా అయింది.

ఉప్పలగుప్తం

సముద్రం వైపు వెళ్ళేకొద్దీ కొబ్బరి పలచబడి, రొయ్యల చెరువులు వచ్చాయి. రొయ్యలకు గాలి ఆడాలని పెట్టిన చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుంటే జాతరలా ఉంది. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం డబ్బా నీళ్ళు కొనుక్కుంటారు, ఇరవై రూపాయలు. ఇది మా ఊరి సంగతే కదా అనుకున్నాను.

పడవ మీద వేటకు వెళ్ళే వాళ్ళ ఇంట్లో స్నానానికి దిగాను. ఎంత రుద్దినా సబ్బు నురగ రాదు. బయటి నుంచి ఆ ఇంటి ముసలామె అరిచింది.

"సబ్బుని తిట్టకండి మామ్మగారూ! ఉప్పునీళ్ళండి. మా ఆయన సముద్రం నుంచొచ్చి ఇందులో పోసుకుంటే, మళ్ళీ సముద్రంలో దిగినట్టుందే అంటాడండి!"

అక్కడే నాకు పడిశం పట్టింది. వరసగా తుమ్ములు. ఆ ముసలామె శొంఠి కాఫీ కాచి ఇచ్చి, "నీళ్ళు దొరికాయి కదాని ఎవరన్నా ఇన్నిసార్లు పోసుకుంటారేటండీ?" అని తిట్టింది. మనవరాలి చదువు కోసం అంటే, ఇంకో గ్లాసు పోసింది.

పి.గన్నవరం మీదుగా రాజోలు

పి.గన్నవరంలో ఒక వింత చూశాను. కింద గోదావరి పాయ, దాని మీద వంతెన, ఆ వంతెన మీద మనుషులకు బదులు కాలువ నడిచిపోతోంది. నీళ్ళ మీద నుంచి నీళ్ళు. ఇది మా ఊళ్ళో చెబితే నమ్మలేదు. శ్రావణి ఫోనులో ఫొటో చూపించాక కూడా మా ఎదురింటి కోటమ్మ నమ్మలేదు.

రాజోలు దగ్గర పల్లెలో దుర్గ అనే ఆమె ఇంట్లో రాత్రి ఉన్నాము. ఈమె కువైట్‌లో చాలా ఏళ్ళు ఇంటిపని చేసి వచ్చింది. మేము వచ్చిన పని వినగానే కుర్చీ కూడా వేయకుండా నేరుగా బాత్రూంకే తీసుకెళ్ళింది. అది వాళ్ళ వంటింటి కంటే పెద్దది. ఆకుపచ్చ టైల్స్, నిలువుటద్దం, కూర్చోవడానికి అరుగు.

"అక్కడ మా మేడంగారింట్లో మనుషుల కంటే బాత్రూములెక్కువండి. అన్నీ నేనే కడిగేదాన్ని. కడిగేటప్పుడల్లా అనుకునేదాన్నండి, ఇలాటిది ఒకటి నాకుండాలి, దాన్ని నేను కడుక్కోవాలి, నేనే పోసుకోవాలి అని. ఊరొచ్చాక ముందు ఇదే కట్టించాను. ఇంటి గోడలకి సున్నం ఇంకా వెయ్యలేదు చూడండి."

ఆ ఇంట్లో ఒక రూలు ఉంది. దుర్గ లోపల గడియ వేసుకుంటే బయటి నుంచి ఎవరూ పిలవకూడదు. సాయంత్రం ఆమె లోపల ఉండగా భర్త బీరువా తాళాల కోసం ఇల్లంతా వెతికి, చివరికి వచ్చి మా దగ్గర కూర్చున్నాడు.

"అడగొచ్చు కదా బాబూ?" అన్నాను.

"అమ్మో! ఇల్లంటుకున్నా సరే, ఆ సబ్బయ్యేదాకా పలకదండి" అన్నాడు. కోపంగా కాదు, గొప్పగా చెప్పాడు.

శుక్రవారం శుక్రవారం ఆ వీధి ఆడవాళ్ళు తలంట్లకు దుర్గ ఇంటికే వస్తారట. శ్రావణి ఎవరు వాడతారన్న ప్రశ్న దగ్గర గడిలో చోటు చాలక కాగితం వెనక్కి తిప్పి రాసింది. పేర్లు చెబుతుంటే దుర్గ మొహం వెలిగిపోయింది. ఆ రాత్రి పడిశంతోనే నేను ఆ అరుగు మీద కూర్చుని వేన్నీళ్ళు పోసుకున్నాను. మధ్యలో ఎవరూ పిలవలేదు.

మళ్ళీ అంబాజీపేట

చివరిగా సత్యవతిగారింటికి వచ్చాము. ఖాళీగా ఉన్న ఆ ఒక్క కాగితం ఏం చేయాలో మాకు తెలియలేదు. వదిలేద్దామంటే, నచ్చినవి ఉంచి నచ్చనివి వదిలితే మేడం ఈసారి కూడా ఒప్పుకోదని శ్రావణి భయం.

గుమ్మంలోకి వెళ్ళేసరికి అటకకు నిచ్చెన వేసి ఉంది. వెంకట్రావుగారు పంచె ఎగ్గట్టి పైన కూర్చున్నారు. అటక చుట్టూ కొత్త ఇనుప వల మెరుస్తోంది.

సత్యవతిగారు చెవిలో చెప్పింది. "మీరెళ్ళిన కాడ్నించీ ఒకటే గోలండి. 'ఆ పిల్ల ఏం రాస్తాదే? లేదని రాస్తాదా? టైల్సేయించిన వాణ్ణి!' అని. నేనేవన్నానంటే, మామ్మగారు మళ్ళీ వస్తారు, మళ్ళీ తడికల్లోకే పంపిస్తే నేను మొహం ఎక్కడ పెట్టుకోనూ అన్నానండి. అంతే."

పైనుంచి ఆయన కేకేశారు. "మాటలాపి కాయందుకోండి!"

వరసగా నిలబడ్డాము. బాత్రూంలో శ్రావణి, పెరట్లో సత్యవతిగారు, నిచ్చెన కింద నేను, మెట్ల మీద పక్కింటాయన, పైన వెంకట్రావుగారు. ప్రతి కాయా చేయి మారేటప్పుడు ఒకసారి చెవి దగ్గర ఊపకుండా ఎవరూ ఇవ్వరు. అది ఆ ఊరి చేతుల అలవాటు. కాసేపటికి నేను కూడా ఊపడం మొదలుపెట్టాను. గలగలమంటే "ఆయ్" అని, మూగగా ఉంటే "ఇంకా పచ్చిదండి" అని. గది ఖాళీ అయ్యేసరికి మాకు చేతులు లేవడం లేదు. కడిగితే కింద తెల్లటి టైల్స్ బయటపడ్డాయి, వాటి మీద తామరపూలు.

"ముందు మామ్మగారు" అన్నారు ఇద్దరూ.

నేను గట్టిగా తుమ్మాను. "నాకు పడిశం. నీళ్ళు పనికిరావు. సత్యవతి వెళ్ళాలి."

ఆమె తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళి గడియ పెట్టింది. పట్టపగలు. నీళ్ళ చప్పుడు మొదలైంది, ఆగింది, మళ్ళీ మొదలైంది. వెంకట్రావుగారు పెరట్లో అటూ ఇటూ తిరిగారు. చాలాసేపటికి ఆమె జుట్టుకి తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చింది.

"ఎలాగుందే?" అన్నారు ఆయన.

"చీకటిగుందండి. బల్బెట్టించండి" అన్నది.

శ్రావణి అక్కడే నిలబడి రాసింది. ఉంది. వాడుతున్నారు. బల్బు లేదు. ఆయన ఆ కాగితం తీసుకుని చదివి, "బల్బు రేపెట్టిస్తానండి, అదీ రాయండి" అన్నారు. చూసిందే రాస్తానంది పిల్ల. ఆయ్ అన్నారు.

మా ఊరు

ఇంటికి వచ్చిన సాయంత్రమే శ్రావణి రెండో కట్ట తీసింది. మా ఊరి ఇళ్ళవి. సగం ప్రాజెక్టు ఇంకా మిగిలే ఉంది.

"మొదటి ఇల్లు మనదే" అని, నా ఎదురుగా కూర్చుని కోనసీమ వాళ్ళలా గొంతు సాగదీసింది. "మామ్మగారండీ, మీ ఇంట్లో బాత్రూం ఉందాండీ?"

"ఉంది."

"ఎవరు వాడతారండీ?"

"అందరూ" అన్నాను.

పిల్ల పెన్ను దించి నన్ను చూసింది. "ఎవురు అమ్మమ్మా? డ్రమ్ములా?"

మా బాత్రూంలో నీళ్ళ డ్రమ్ములుంటాయి. ట్యాంకరు వచ్చిన రోజు నింపుకుంటే మళ్ళీ వచ్చేదాకా అవే. బయట ఉంచితే గేదెలు మూతి పెడతాయి, పిల్లలు చేతులు ముంచుతారు. తలుపున్న గది అదొక్కటే కాబట్టి డ్రమ్ములు అందులో పెట్టి తాళం వేశాను. మేము గోడ వెనక గోనెపట్టాల చాటున పోసుకుంటాం. కట్టించిన దగ్గర నుంచీ ఇంతే. వెంకట్రావుగారిని చూసి ఊళ్ళో వాళ్ళందరితో చెప్పుకుని నవ్వుదామని వచ్చినదాన్ని, నోరు మూసుకున్నాను.

"లేదని రాసేదా?" అన్నది.

"ఈ కాగితం రేపు పొద్దున రాయి" అన్నాను.

మర్నాడు పొద్దున్నే లేచి తాళం తీశాను. ఖాళీ డ్రమ్ము ఒకటి దొర్లించాను. నీళ్ళున్నవాటిని బిందెల్లోకి తోడి, డ్రమ్ములు బయటికి జరిపి, ఆ నీళ్ళు మళ్ళీ వాటిలోనే పోశాను. చుక్క ఒలకనివ్వలేదు. చూరు కింద వరసగా నిలబెట్టి, మూతల మీద రోలూ పొత్రమూ ఎక్కించి, గేదెకు అడ్డంగా మంచం వేశాను. కోటమ్మ గోడ మీద నుంచి, "ఏందే, ఇల్లు ఖాళీ చేస్తుండావా?" అన్నది. స్నానం చేస్తున్నానన్నాను.

ఒక బకెట్టు నీళ్ళతో లోపలికి వెళ్ళి గడియ పెట్టాను. పైన చిన్న కిటికీ ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. డ్రమ్ములు అడ్డం ఉండేవి. అందులోంచి ఎండ వచ్చి నా భుజం మీద పడింది. తొందర లేకుండా పోసుకున్నాను.

"రాసుకో!" అని అరిచాను.

"గడియ పడిందా?"

"పడింది."

"నీళ్ళెన్ని?"

"ఒక్క బకెట్టు. అయిపోయినాయి."

బయట డ్రమ్ము మూత మీద నుంచి రోలు దించిన శబ్దం వినిపించింది. తలుపు కొట్టింది. గడియ తీసి ఓరగా తెరిస్తే, సందులోంచి ఒక చేయి నిండు చెంబు అందించింది.

"ఇదిగూడా పోసుకో అమ్మమ్మా. ఇది లెక్కలో రాయన్లే."